జేసీబీని పిలిచే ముందు ఇది చదువు, చిన్నా

చిన్నా,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు "పెదనాన్నా, గుట్ట కింద ఆ రెండెకరాల కంపంతా జేసీబీతో పీకించేసి నీటుగా చేస్తాను, పెద్ద చెట్లు నాలుగు ఉంచుతాను, చెవులపిల్లులూ ముంగిసలూ వాటంతట అవే వస్తాయి" అన్నప్పుడు నేను గట్టిగా ఏమీ అనలేదు. పక్కన మీ పెద్దమ్మ ఉంది, నీ మీద కేకలేస్తే ఆమె నా మీద వేస్తుంది. అందుకే రాస్తున్నాను. నీటుగా చేస్తే ఏవీ రావు, ఉన్నవి కూడా పోతాయి.

నువ్వు అడవి అంటే చెట్లనుకుంటున్నావు. చిన్న జంతువులకి అడవి మోకాలెత్తులో ఉంటుంది. చెవులపిల్లి మాను కింద పడుకోదు, గడ్డి దుబ్బు పక్కన తన ఒంటికి సరిపోయేంత పల్లం చేసుకుని పగలంతా అందులో అణిగి ఉంటుంది, నువ్వు దాదాపు కాలు వేసేదాకా కదలదు. ముంగిసకి రాళ్ల సందులూ పొదల మొదళ్లూ కావాలి. చుంచెలుకకి ఎండుటాకుల కింద పురుగులు కావాలి (అది అసలు ఎలుక జాతే కాదు, పురుగుల్ని తిని బతికేది, పేరు చూసి మందు పెట్టేస్తుంటారు పాపం). కలివి, బలుసు, పరికి, రేగు... నీకు కంప, వాటికి ఇల్లూ కిరాణా కొట్టూ అదే. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ కనపడింది కూడా ఇట్లాంటి కంపలోనే.

మీ తాత పొలంలో ఏరిన రాళ్లని గట్టు పక్కన కుప్పలు పోశాడు చూడు, వాటి జోలికి పోవద్దు. 1839లో వాల్టర్ ఇలియట్ అనే దొర దక్షిణ మరాఠా సీమ జంతువుల పట్టిక రాస్తూ మెత్తటి బొచ్చున్న ఒక పొలం ఎలుక గురించి చెప్పాడు, అది పెద్దగా బొరియ తవ్వదట, పొద మొదట్లోనో, పొలంలో పోసిన రాళ్ల కుప్పలోనో, ఎండాకాలం నల్లరేగడి పగుళ్లలోనో తల దాచుకుంటుందట, వానలు మొదలవగానే ఆ పగుళ్లు పూడుకుపోయి బోలెడు చస్తాయట. దాని సైన్సు పేరు చివర ఉండే 'మెల్టాడా' వడ్డెర్లు దాన్ని పిలిచే పేరు నుంచి వచ్చిందే. ఆ ఎలుకలుంటేనే అడవిపిల్లి వస్తుంది, గుడ్లగూబ వస్తుంది, పాము కూడా వస్తుంది, భయపడకు, చెప్పులేసుకుని తిరుగు.

నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్తా. ముప్పై ఏళ్ల కిందట మామిడితోట చుట్టూ ఉన్న ముళ్లకంచె కొట్టించి రాతి కూసాలు పాతి ఇనుప తీగ లాగించాను, చెత్తంతా కుప్పేసి కాల్చాను. ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. రెండేళ్లు తిరిగేసరికి ముంగిసలు కనపడటం మానేశాయి, వేరుశనగలో ఎలుకలు మాత్రం విపరీతం అయిపోయాయి. దాంతో మందు పెట్టాను. బ్రోమాడియోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది, ఆ లోపల దాన్ని ఏది పట్టుకు తింటే దానికీ విషమే. ఒకరోజు పొద్దున్నే బావి గట్టు మీద గుడ్లగూబ రెక్కలు పరుచుకుని పడి ఉంది. ఆ తర్వాత నేనా మందు ముట్టుకోలేదు. కంచె మళ్లీ పెరగడానికి మాత్రం పదేళ్లు పట్టింది.

ఇప్పుడు దేవాంగ పిల్లి సంగతి (పేరుకే పిల్లి, లోరిస్ అంటారు, కోతులకి చుట్టం). గుట్ట వైపు చింతచెట్టు మీద అదుందని నేనంటే నువ్వు నవ్వావు. మీ బెంగళూరులో ఐఐఎస్‌సీ అనే ఆ పెద్ద సైన్సు సంస్థ క్యాంపస్‌లోనే ఉన్నాయి, మన చిత్తూరు జిల్లా కౌండిన్య అడవి అంచున ఉండవా? పావు కిలో ఉంటే ఎక్కువ, కళ్లు మాత్రం రెండు రూపాయి బిళ్లలంత. పగలు ముళ్లతీగల గుబురులో ముడుచుకుని నిద్రపోతుంది, రాత్రి పురుగుల వేటకి బయల్దేరుతుంది. దానికి ఉడుతలాగా దూకడం రాదు. ఒక కొమ్మ వదలకుండా ఇంకో కొమ్మ పట్టుకుంటూ పోవాలి, కొమ్మ అందకపోతే నేల మీదికి దిగాలి, దిగితే కుక్కకి చిక్కుతుంది. అందుకని మామిడికీ చింతకీ మధ్య ఉన్న ఆ తుమ్మలూ, వాటి మీద అల్లుకున్న తీగలూ, నువ్వు అడ్డం అన్నావే, అదే దాని రోడ్డు. బండిబాట మీద కొమ్మలు నరకాలంటే ట్రాక్టరు తగిలేంత వరకే నరికించు, పైన కలిసి ఉండనీ. ఇప్పటికే ఖాళీ వచ్చిన చోట రెండు చెట్లకీ లావుపాటి కొబ్బరి మోకు బిగించి కట్టు, లేదా వెదురు అడ్డంగా వెయ్యి. పక్కనున్న తమిళనాడులో 2022లో దీనికోసమే కడవూరు దగ్గర 11,806 హెక్టార్ల అభయారణ్యం పెట్టారు. నిన్ను నేనడిగేది ఓ మోకు.

చచ్చిన మాను పడిపోతే పడనీ. తొర్ర ఉన్న చింతని పొయ్యిలోకని ఎవడైనా బేరానికి వస్తే పంపించెయ్, ఎట్లాగూ చాలా చెట్లకి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి లేకుండా గొడ్డలి పెట్టకూడదు. పుట్టలు పగలగొట్టొద్దు, ఒళ్లంతా పెంకులుండే అలుగు (పాంగోలిన్) బతికేది చెదలూ చీమల మీదే.

అట్లాగని చేతులు కట్టుకుని కూర్చోమనడం లేదు. లంటానా ఉంది చూశావా, తలంబ్రాల కంప, అది తియ్యాల్సిందే, దాని కింద గడ్డి మొలవదు, కలివి బతకదు. కానీ ఇప్పుడు చెవులపిల్లి దాక్కుంటున్నది దాంట్లోనే, ఒక్కసారే తీస్తే అది ఎక్కడికి పోవాలి? ఏడాదికి ఓ పది సెంట్లు చొప్పున ముక్కలు ముక్కలుగా తీయించు. పైన నరికితే రెట్టింపు చిగురేస్తుంది, మంట పెట్టినా అంతే. మట్టి కాస్త తవ్వి, మొదలు నేలలోకి దిగే చోట నాలుగు వేళ్ల లోతున వేరు కొట్టి, మొక్కని తలకిందులుగా పడెయ్యాలి, అప్పుడు వేరు మట్టికి తగలదు. కాయ పండకముందే చెయ్యాలి, పండితే పిట్టలు తిని ఊరంతా చల్లేస్తాయి. తీసిన చోట రేగు, బలుసు గింజలు చల్లు.

ఫిబ్రవరి లోపు గుట్ట వైపు పదడుగుల వెడల్పున ఎండుగడ్డి చెక్కించి పెట్టు, అగ్గి అక్కడ ఆగుతుంది. లోపల రాలిన ఆకు మాత్రం ఊడ్చొద్దు.

నీ ఫారం పాండ్ చూస్తేనే నాకు టెన్షన్. ఆ నల్ల ప్లాస్టిక్ షీటు మీద గోరు నిలవదు, నీళ్లకని దిగింది ఎక్కలేదు. మొన్న వేసవిలో మన పక్క తోటలో ఇట్లాంటి దాంట్లోనే ముంగిస తేలింది, షీటు మీద దాని గోళ్ల గీతలు నీటి అంచు చుట్టూ ఒక రౌండు ఉన్నాయి, ఎన్నిసార్లు తిరిగిందో. నాలుగు మూలలా పాత వలో, గోనెసంచులు కుట్టిన తాడో నీళ్లలోకి వేలాడదీసి పైన మేకులకి కట్టెయ్. గంట పని.

కావలికని తెచ్చిన ఆ రెండు కుక్కల్ని రాత్రిపూట కట్టెయ్. ఇది చెయ్యకపోతే పైన రాసిందంతా దండగ. పందులొస్తున్నాయని ఎవడైనా కరెంటు తీగ పెడదామంటే ఒప్పుకోకు, అది నేరం, మనుషులే చచ్చిపోతున్నారు.

ఏమున్నాయో తెలుసుకోవాలంటే కెమెరాలు కొనక్కర్లేదు. సాయంత్రం కట్టెల పొయ్యి బూడిద జల్లెడ పట్టి కాలిబాట మీద రెండు మూరలు పరువు, పొద్దున్నే ఎండ ఎక్కకముందే చూడు, ఎవరెవరు నడిచారో అందులో రాసి ఉంటుంది. బండ మీద నేరేడు గింజలే గింజలున్న పెంట కనపడితే మానుపిల్లి (పునుగు జాతిది) వచ్చిందన్నమాట, కడిగెయ్యకు, ఆ గింజలు మొలుస్తాయి. ఫోటోలు తీసుకో, కానీ ఊరి పేరుతో స్టేటస్ పెట్టొద్దు. అలుగు పెంకుల కోసం తిరిగేవాళ్లూ, దేవాంగ పిల్లిని క్షుద్రపూజలకని పట్టేవాళ్లూ ఫోన్లు చూస్తారు.

జేసీబీ వాడికి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే తోట వైపు కాలువ పూడిక తీయించుకో, డబ్బులు వృథా కావు. ఉగాదికి వచ్చేటప్పుడు ఎర్ర సెల్లోఫేన్ కాగితం తీసుకురా, టార్చికి చుట్టుకుని ఎనిమిది దాటాక చింతచెట్టు కిందికి వెళ్దాం. అమ్మాయినీ రమ్మను, మాట్లాడకుండా కూర్చోగలిగితేనే.

మీ పెదనాన్న