గునుగు, బంతి, ఆముదం గెల: పూలగుత్తిని మొక్క మీదే గుర్తుపట్టడం ఎలా?

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్న మీరు అడిగింది ఇది: అనిశ్చిత, నిశ్చిత పుష్పవిన్యాసాల (అంటే కాడ మీద పూలు అమరే తీరుల) నిర్వచనాలు నోటికి వచ్చినా, ప్రయోగశాలలో కొమ్మ చేతికివ్వగానే ఏమీ తోచడం లేదని, బతుకమ్మలో పేర్చే పూలలో ఏది ఏ రకమో చెప్పమని. నల్లగొండ జిల్లాలో ఇరవై ఆరేళ్లు జూనియర్ కళాశాలల్లో వృక్షశాస్త్రం బోధించిన అనుభవంతో జవాబు రాస్తున్నాను. ఏటా కనీసం పదిమంది విద్యార్థులు ఇదే ఇబ్బందితో నా దగ్గరికి వచ్చేవారు. వాళ్లందరికీ నేను చెప్పిన మొదటి మాట, పేర్లు కాసేపు మరచిపోయి పూలు పూసిన కాడ కొసను వెతకమని.

ఆ కాడను, అంటే పుష్పవిన్యాసాక్షాన్ని, కింది నుంచి పైదాకా వేలితో తడుముతూ వెళ్లండి. కొసన ఇంకా పెరుగుతున్న లేత మొగ్గల గుంపు ఉంటే అక్షం ఆగలేదని అర్థం. పూలన్నీ దాని పక్కలకే వచ్చాయి కనుక ముందు పుట్టినవి కిందా, తరువాత పుట్టినవి పైనా ఉంటాయి. ఇది అనిశ్చితం. అలా కాకుండా అక్షం కొసే ఒక పువ్వుగా మారిపోతే ఇక అక్కడ పెరుగుదల లేదు. తరువాతి పువ్వు రావాలంటే ఆ పువ్వు కిందనున్న పక్క మొగ్గ నుంచే రావాలి, అందుకే అన్నిటికన్నా ముదిరిన పువ్వు నడుమ ఉండి, లేతవి చుట్టూ చేరతాయి. ఇది నిశ్చితం. ఈ రెండు పేర్లూ పూల సంఖ్య గురించో గుత్తి ఆకారం గురించో పెట్టినవి కావు, కొస పెరుగుదలకు హద్దు ఉందా లేదా అన్న ఒక్క విషయం గురించి పెట్టినవి.

ఇప్పుడు గునుగు తీసుకోండి. జొన్న చేలలో, పత్తి చేలలో, గట్ల మీద కలుపుగా పెరిగే ఈ మొక్క పువ్వు అని మనం తెంపేది ఒక కంకి. దాని మీద కాడ లేని చిన్న పూలు వందలకొద్దీ ఒకదానినొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. కంకి కింది భాగం వెండిలా తెల్లబడి, కొస మాత్రం గులాబీ రంగులో ఉండడం మీరు చూసే ఉంటారు. కింది పూలు ముందు విచ్చి, వయసు మీరి, రంగు పోగొట్టుకున్నాయి. పైవి ఇంకా లేతవి. తెల్లబడిన భాగం నుంచి ఒక పువ్వును గోటితో ఊడదీసి అరచేతిలో నలిపితే ఎండు కాగితంలా గలగలలాడే అయిదు రేకులూ, వాటి మధ్య నల్లగా నిగనిగలాడే గింజలూ బయటపడతాయి. అదే కంకి కొసను నలిపితే గింజ ఒక్కటీ రాదు. ఒకే కాడ మీద అడుగున కాయ, నడుమ పువ్వు, పైన మొగ్గ: అనిశ్చిత విన్యాసానికి ఇంతకన్నా స్పష్టమైన నమూనా మన ప్రాంతంలో నాకు కనబడలేదు. దీనికి దగ్గరి చుట్టమైన కోడిజుట్టు పువ్వులో ఆ పెరిగే కొస ఒక బిందువులా ఉండక గీతలా వెడల్పయి మడతలు పడుతుంది.

2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించిన తంగేడు కూడా అనిశ్చితమే. కాకపోతే కింది పూల కాడలు పొడవుగా, పైవాటి కాడలు పొట్టిగా ఉండడం వల్ల పూలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తుకు వచ్చి గుత్తిగా కనిపిస్తాయి. ఈ అమరికనే సమశిఖి అంటారు.

బంతి దగ్గర కొంచెంసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బంతిపువ్వు ఒక పువ్వు కాదు, ఒక పుష్పవిన్యాసం. మీ ఇంట్లో బంతి నారు పోసేటప్పుడు ఎండిన పువ్వును విప్పి గింజలు తీస్తారు కదా, ఆ సన్నని నల్లని గింజ ప్రతి రేక అడుగునా ఒక్కొక్కటి ఉంటుంది. మామూలు పువ్వులో రేకకు గింజ ఉండదు. ఇక్కడ ప్రతి రేకా సొంత అండాశయం, అంటే గింజ తయారయ్యే భాగం, ఉన్న విడి పువ్వు, ఎండిన ఆ అండాశయమే మనం గింజ అని చల్లేది. పొడవుగా పెరగవలసిన అక్షం కుదించుకుపోయి పళ్లెంలా వెడల్పయితే, కింద ఉండవలసిన పూలు అంచుకూ, పైన ఉండవలసినవి నడిమికీ చేరాయి. అందుకే పొద్దుతిరుగుడు చేనులో నిలబడి చూస్తే పళ్లెం అంచు నుంచి లోపలికి రోజుకు కొన్ని వరుసల చొప్పున పూలు విచ్చుకుంటూ పోతాయి. గునుగు కంకిలో కింది నుంచి పైకి జరిగే క్రమమే ఇక్కడ అంచు నుంచి నడిమికి మారింది. పాఠ్యపుస్తకంలో శీర్షవద్విన్యాసం అని చదివేది దీనినే.

నిశ్చితానికి మల్లె చాలు. మూడు మొగ్గలున్న రెబ్బను తీసుకుంటే నడిమి మొగ్గ పెద్దదిగా ఉండి ముందు విచ్చుకుంటుంది, దాని కింద ఎదురెదురుగా ఉన్న రెండూ తరువాత విచ్చుకుంటాయి. చెరువు గట్ల మీద కనిపించే నాగదంతి పూలకాడ తేలు కొండిలా చుట్టుకుని ఉండడానికీ ఈ కారణమే చెబుతారు: ప్రతి పువ్వు కిందా ఒక పక్క మొగ్గే పెరుగుతూ పోతుందని.

ఇక నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ముందు విచ్చే పువ్వు కిందిదైతే అనిశ్చితం, పైదైతే నిశ్చితం అని తరగతిలో సూత్రంలా చెప్పేశాను. వెనక బల్ల మీద కూర్చున్న ఒక అబ్బాయి లేచి, తమ చేనులో జొన్న కంకి పైనుంచి కిందికి పూస్తుంది కదా సార్, మరి అది నిశ్చితమా అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఆదివారం ఊరికి వెళ్లి, పొట్ట నుంచి, అంటే కంకిని చుట్టి ఉండే ఆకు తొడుగు నుంచి, అప్పుడే బయటికి వచ్చిన కంకులను వరుసగా నాలుగు రోజులు గమనిస్తే ఆ అబ్బాయి మాటే నిజమైంది. పసుపు పుప్పొడి తిత్తులు ముందు కంకి కొసన వేలాడి, ఆ తరువాత రోజుకింత చొప్పున కిందికి దిగాయి. వరిలోనూ అంతే. ఈ పైర్లలో కంకి నిర్మాణమంతా పొట్టలో ఉండగానే పూర్తవుతుంది. దాని కొమ్మలు కింది నుంచి పైకే మొదలవుతాయి గాని, ఆ కొమ్మల మీది పూలు తయారవడంలో పైవి ముందుంటాయి. కాబట్టి విచ్చుకునే క్రమం మనకు దొరికే ఒక ఆనవాలు మాత్రమే, నిర్వచనం ఎప్పుడూ అక్షం కొసదే. ఆ మరుసటి వారం తరగతిలో నా మాట దిద్దుకున్నాను.

చివరగా ఆముదం. మీరు అడగలేదు గాని, ఈ పాఠం నాకు నిజంగా అర్థమైంది ఈ మొక్క వల్లనే. దేవరకొండ వైపు మాకు నాలుగెకరాల ఎర్ర చెలక ఉండేది, వానాకాలం ఆముదమే వేసేవాళ్లం. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మొదటి గెలలు పూత మీదుండగా వారం రోజులు ముసురు పట్టి, బూజు తెగులు వచ్చి, గెలలన్నీ బూడిద రంగు దూది చుట్టినట్టు అయిపోయాయి. నేను ఏడ్చినంత పని చేశాను. మా నాన్న ఆ గెలలను కోసి చేను బయట తగలబెట్టి, మొక్కలను మాత్రం పీకనివ్వలేదు. గెల కిందనున్న కణుపుల నుంచి అప్పటికే కొమ్మలు లేస్తున్నాయి, వాటి కొసన రెండో గెలలూ, వాటి కింది కొమ్మలకు మూడో గెలలూ వచ్చాయి. ఆ ఏటి పంట అంతా వాటిదే.

ఆముదం కాండం కొస గెలగా ముగిసిపోతుంది. మొక్క ముందుకు పెరగాలంటే పక్క మొగ్గే దిక్కు. అంటే నిశ్చిత విన్యాసంలో పువ్వు విషయంలో జరిగేది ఇక్కడ మొత్తం మొక్క విషయంలో జరుగుతోంది. మొదటి గెల ఎన్నో కణుపు దగ్గర వచ్చిందో లెక్కపెట్టి ఆముదం రకం తొందరగా వచ్చేదా, ఆలస్యంగా వచ్చేదా అని అంచనా వేస్తారు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో ఆముదం మీద పనిచేసే వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది, వీలైతే చూసి రండి. ఇక గెలను దగ్గరగా చూస్తే అక్షం వెంట పూలు చిన్న చిన్న కట్టలుగా ఉంటాయి, కింది కట్టల్లో పసుపు కేసరాల మగ పూలు, పై కట్టల్లో ఎర్రని కీలాగ్రాల (పుప్పొడిని అందుకునే కొసల) ఆడ పూలు. ప్రతి కట్టా విడిగా ఒక చిన్న నిశ్చిత విన్యాసం. కట్టల వరుస అనిశ్చితం, కట్ట లోపల నిశ్చితం: ఇటువంటి మిశ్రమ అమరికను థైర్స్ అంటారు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కింద రాలిన మర్రిపండును చీల్చి చూడడం మరొక పాఠం, ఎందుకంటే అక్కడ పూలన్నీ పండు లోపలి గోడకే ఉంటాయి. కాని ప్రయోగ పరీక్షకు ముందు మీరు చేయవలసింది వేరే ఉంది. బతుకమ్మ పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ నాటికి చెలకల్లో ఆముదం మొదటి గెల కాయ పట్టి, రెండో గెల పూత మీదుంటుంది. గునుగు కోసం వెళ్లినప్పుడు చేను వాళ్లను అడిగి, గెలతో పాటు దాని కింది కొమ్మ కూడా వచ్చేలా ఒక్క ముక్క కోయించుకోండి. గెల పక్కన ఆ కొమ్మ ఎక్కడ పుట్టిందో గుర్తించి బొమ్మ గీసుకోండి, పరీక్షలో ఏ కొమ్మ ఇచ్చినా కొస వెతకడం దానితో అలవాటవుతుంది.