కొటేషన్‌లో ఒక రేటు, బిల్లులో ఇంకో రేటు: గేటుకి ఎంత ఇవ్వాలి?

ప్రశ్న: మా ఇంటి ముందు కారు వచ్చే దారికి ఇనుప గేటు పెట్టించాం. ఫ్యాబ్రికేటర్ స్వయంగా కొలతలు తీసుకున్నాడు. మోటారుతో కలిపి మొత్తం పనికి ఇంత అని వాట్సాప్‌లో కొటేషన్ పంపాడు. నేను "ఓకే" అని పెట్టి సగం డబ్బు అడ్వాన్సుగా పంపాను. పని మొదలయ్యాక, నేల ఏటవాలుగా ఉంది కాబట్టి రెండు తలుపుల గేటు తెరుచుకోదు, స్లైడింగ్ గేటు పెట్టాలన్నాడు. అప్పుడు నేను ఊళ్లో లేను. దగ్గరుండి పని చేయిస్తున్న మా నాన్నగారు "సరే కానివ్వు, ఖర్చు సంగతి తర్వాత చూద్దాం" అన్నారట. ఇప్పుడు బిల్లు కొటేషన్ కంటే నలభై శాతం ఎక్కువ వేశాడు. ఇనుము రేటు పెరిగిందని కొంత, బరువు ఎక్కువైందని కొంత, స్లైడింగ్ కోసం కొంత, పైన జీఎస్టీ. బిల్లు మీద జీఎస్టీ నంబరు లేదు. మోటారు ఇంకా బిగించలేదు. వెల్డింగ్ అతుకుల దగ్గర అప్పుడే తుప్పు కనిపిస్తోంది. మొత్తం ఇవ్వకపోతే గేటు ఊడదీసుకుపోతానని బెదిరిస్తున్నాడు. నేనెంత ఇవ్వాలి? వినియోగదారుల కోర్టుకు వెళ్లవచ్చా? గేటు ముందు వేసిన ర్యాంపు మురుగు కాలువ మీదికి వచ్చిందని పక్కింటివాళ్లు అంటున్నారు, దానికి బాధ్యత ఎవరిది? – ఒక పాఠకుడు

జవాబు: ఆ నలభై శాతాన్ని మొత్తంగా పట్టుకుని "ఇస్తాను" అనో "ఇవ్వను" అనో తేల్చేయకండి. అందులో నాలుగు రకాల డబ్బు కలిసి ఉంది. ఒక్కోదానికి చట్టం చెప్పే జవాబు వేరు. మూడింటి విషయంలో బలం మీవైపే ఉంది. నాలుగోది మాత్రం మీరు ఇవ్వాల్సిందే.

ముందు ఒప్పందం సంగతి. స్టాంపు పేపరు లేదు, సంతకాలు లేవు కాబట్టి ఒప్పందమే లేదని చాలామంది అనుకుంటారు. భారత ఒప్పందాల చట్టం, 1872 ప్రకారం ఇలాంటి పనికి నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది. మీ దగ్గర అంతకంటే గట్టి ఆధారమే ఉంది. అతను కొటేషన్ పంపాడు, మీరు ఒప్పుకున్నారు, అడ్వాన్సు అందింది. ఆ మెసేజులు, బ్యాంకు లావాదేవీల వివరాలు జాగ్రత్తగా దాచండి. ఫోన్ మారిస్తే చాట్ పోయే ప్రమాదం ఉంది, కాబట్టి పాత ఫోన్ ఎవరికీ ఇచ్చేయకండి. ఎలక్ట్రానిక్ రికార్డులను కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కూడా జతచేయాలి.

ఇక ఇనుము రేటు. మొత్తం పనికి ఒకే ధర చెప్పాక, సరుకు రేటు పెరిగితే ఆ నష్టం చెప్పినవాడిదే. తగ్గి ఉంటే ఆ లాభం మీకు తిరిగి ఇచ్చేవాడు కాదు కదా! సుప్రీంకోర్టు 1960లోనే అలోపీ పర్షాద్ అండ్ సన్స్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసులో ఈ సంగతి తేల్చింది. సైన్యానికి నెయ్యి సేకరించి పెట్టే ఏజెంట్లు, యుద్ధం వల్ల ఖర్చులు పెరిగాయి కాబట్టి ఒప్పందంలో రాసుకున్నదానికంటే ఎక్కువ ఇప్పించమని అడిగారు. కోర్టు ఒప్పుకోలేదు. పరిస్థితులు మారి పని భారమైనంత మాత్రాన ఒప్పుకున్న రేటును పక్కన పెట్టడం కుదరదంది. కొటేషన్ కింద "సరుకు రేటు మారితే ధర మారుతుంది" అనో, "ఈ ధర ఫలానా తేదీ వరకే" అనో రాసి ఉంటే మాత్రం లెక్క మారుతుంది. మనం పైన అంకె చూసి ఓకే కొట్టేస్తాం కానీ, ఇలాంటి షరతులు ఎప్పుడూ కిందనే ఉంటాయి. ఒకసారి మళ్లీ తెరిచి చూడండి.

బరువు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే గేటు తగాదాల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. గేటు పనికి ధర మూడు రకాలుగా చెబుతారు: కిలో లెక్కన, చదరపు అడుగు లెక్కన, లేదా మొత్తం పనికి కలిపి. మీకు చెప్పింది మూడో రకం. అలాంటప్పుడు గేటు ఎన్ని కిలోలు తూగిందన్నది అతని సొంత లెక్క, మీకు సంబంధం లేదు. ఒకవేళ కొటేషన్ కిలో లెక్కన ఉంటే, గేటు నిలబెట్టక ముందే కాటా వేయించి చీటీ ఇచ్చి ఉండాలి. ఆ చీటీ చూపించమనండి. లేదంటే బరువు ఇంతని రుజువు చేసుకోవాల్సిన భారం అతనిదే. మీరే ఇంట్లో కూర్చుని లెక్క సరిచూసుకోవచ్చు కూడా. ఉక్కు రేకు ఒక మిల్లీమీటరు మందంలో చదరపు మీటరుకు 7.85 కిలోలు ఉంటుంది. 12 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు అంటే దాదాపు 6.7 చదరపు మీటర్లు. 1.2 మిల్లీమీటర్ల రేకైతే ఆ మేరకు 63 కిలోలు వస్తుంది. చట్రానికి 50 మిల్లీమీటర్ల చదరపు పైపు 2 మిల్లీమీటర్ల మందంలో వాడితే మీటరుకు సుమారు 3 కిలోలు. పైపు ఎన్ని మీటర్లు పట్టిందో టేపుతో కొలిచి కలుపుకోండి. ఈ అంచనాకి, బిల్లులో వేసిన బరువుకి పొంతన లేకపోతే ఆ కాగితం మీ ఫైల్లో పెట్టండి. వాదనలో నా మాటల కంటే ఆ కాగితమే ఎక్కువ పనిచేస్తుంది.

జీఎస్టీ విషయంలో జవాబు చిన్నది. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు జీఎస్టీ పేరుతో డబ్బు వసూలు చేయకూడదని కేంద్ర జీఎస్టీ చట్టం, 2017లోని సెక్షన్ 32 చెబుతోంది. నంబరుతో సరైన ఇన్వాయిస్ అడగండి. చూపించలేకపోతే ఆ మొత్తం కట్టనక్కర్లేదు. నంబరు ఉందనుకున్నా, కొటేషన్‌లో "పన్ను అదనం" అని లేకపోతే చెప్పిన ధరలోనే పన్ను కలిసి ఉందని మీరు గట్టిగా వాదించవచ్చు.

ఇక మీకు నచ్చని భాగం స్లైడింగ్ మార్పు. మీ నాన్నగారు "సరే కానివ్వు" అన్నారు. "నేను ఒప్పుకోలేదు, ఆయన అంటే నాకేంటి" అని మీరు అనలేరు. పని చేయించే బాధ్యత మీరే ఆయనకు వదిలారు, పనివాడు ఆయన మాట నమ్మి పని చేశాడు. చట్టం దృష్టిలో ఆయన మీ తరఫు మనిషే. ఎంత ఇవ్వాలో ముందు అనుకోలేదు కాబట్టి ఇవ్వక్కర్లేదన్న వాదన కూడా నిలవదు. ఎవరైనా ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా, న్యాయబద్ధంగా మీకోసం ఒక పని చేసి, దాని ప్రయోజనం మీరు పొందితే, తగిన ప్రతిఫలం ఇవ్వాలని ఒప్పందాల చట్టంలోని సెక్షన్ 70 అంటుంది. ధర తేల్చుకోకుండా సరుకు తీసుకుంటే సహేతుకమైన ధర ఇవ్వాలని సరుకుల విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 9 అంటుంది.

అలాగని అతను రాసిన అంకె ఇవ్వాలని కాదు. స్లైడింగ్ గేటుకి ట్రాక్, కింద చక్రాలు, పైన గైడు కొత్తగా వచ్చి చేరతాయి. కానీ రెండు తలుపుల గేటుకి పట్టే బందులు, మధ్య గడియ మిగిలిపోతాయి. కొత్తవాటి ఖర్చులోంచి మిగిలినవాటిది తీసేయాలి. ఇంకొకటి, నేల ఏటవాలు పని మొదలయ్యాక పుట్టింది కాదు. కొలతలు తీసుకున్న రోజూ అలాగే ఉంది. అది చూసి సరైన గేటు చెప్పడమే అతని వృత్తి. కాబట్టి మొదటి గేటు కోసం కోసి పారేసిన పైపుకి, దానికి పట్టిన కూలికి మీరు డబ్బివ్వనక్కర్లేదు. మొదటి రోజే స్లైడింగ్ అని చెప్పి ఉంటే ఎంత ఎక్కువ అయ్యేదో, అంతవరకే ఇవ్వండి. వేరే ఇద్దరు ఫ్యాబ్రికేటర్ల దగ్గర ఆ ఒక్క పనికీ రాతపూర్వక కొటేషన్ తీసుకుంటే సహేతుకమైన ధర ఎంతో తేలుతుంది.

ఇప్పుడు చేయాల్సిన పని ఒకటుంది, దీన్ని వాయిదా వేయకండి. కొటేషన్ ప్రకారం మిగిలిన బాకీలోంచి మోటారు వంతు పక్కన పెట్టి, గేటు వంతుకి స్లైడింగ్ న్యాయమైన ఖర్చు కలిపి, బ్యాంకు ద్వారా పంపండి. తీసుకోనంటే ఇవ్వబోయినట్టు రాతలో ఉంచండి. ఒప్పందాల చట్టంలోని సెక్షన్ 38 ప్రకారం, మీరు షరతు లేకుండా చెల్లించబోతే అవతలివాళ్లు కాదన్నప్పుడు, చెల్లించలేదన్న తప్పు మీ మీద పడదు. "షరతు లేకుండా" అన్నమాట గమనించండి. "ఇది తీసుకుంటే ఇంకేమీ అడగకూడదు" అని మెలిక పెడితే ఆ రక్షణ పోవచ్చు. డబ్బు ఊరికే పంపండి. మిగతా పద్దులు ఎందుకు ఒప్పుకోవడం లేదో వేరే ఉత్తరంలో రాయండి.

గేటు ఊడదీసుకుపోతానన్న బెదిరింపుకి టెన్షన్ పడకండి. నేలలో పాతిన స్తంభాలకి శాశ్వత వాడకం కోసం బిగించినది కాబట్టి అది ఇప్పుడు మీ స్థిరాస్తిలో భాగమే. ఆస్తి బదిలీ చట్టం, 1882 సెక్షన్ 3 ఇచ్చిన నిర్వచనం అదే. బాకీ ఉంటే దావా వేసి వసూలు చేసుకోవాలి గానీ, మీ ఆవరణలోకి వచ్చి గేటు పీకడానికి వీల్లేదు. దౌర్జన్యంగా వస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 329 కింద అక్రమ ప్రవేశమని పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. మోటారు సంగతి వేరు. అది ఇంకా అతని చేతిలోనే ఉంది. బాకీ తీరేదాకా సరుకు ఆపుకునే హక్కు అమ్మినవాడికి సరుకుల విక్రయ చట్టంలోని సెక్షన్ 47 ఇస్తుంది. అందుకే మోటారు ధర అది బిగించిన రోజున ఇస్తానని రాయండి.

తుప్పు గురించి మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు కానీ, వినియోగదారుల కమిషన్ (మీరు వినియోగదారుల కోర్టు అన్నది దీన్నే) దృష్టిలో అది గట్టి అంశం. వెల్డింగ్ అతుకులు గ్రైండ్ చేసి, ప్రైమర్ కొట్టకుండా పైపైన రంగు వేస్తే ఇలాగే అవుతుంది. మీరే రంగు వేయించేసి ఆధారం చెరిపేయకండి. తేదీ పడేలా ఫోటోలు తీసి, ఫలానా రోజులోపు సరిచేయమని అతనికి రాతపూర్వకంగా ఒక అవకాశం ఇవ్వండి. చేయకపోతే అది సేవాలోపం. (స్టెయిన్‌లెస్ స్టీలు గేటు పెట్టించుకున్నవాళ్లకి ఒక మాట: 304 అని చెప్పి 202 రకం వేశారని అనుమానం ఉంటే అయస్కాంతం పరీక్షతో తేలదు. మామూలుగా రెండూ అయస్కాంతానికి పెద్దగా అంటుకోవు. ల్యాబ్ పరీక్షే చేయించాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 38 కింద కమిషనే నమూనా పంపించి పరీక్ష చేయించగలదు.)

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మీరు నిక్షేపంగా ఫిర్యాదు చేయవచ్చు. సొంతింటి వాడకానికి డబ్బిచ్చి చేయించుకున్న పని కాబట్టి మీరు వినియోగదారుడే. మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, అతని ఊరికి వెళ్లనక్కర్లేదు. చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు, 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. సరైన బిల్లు ఇవ్వకపోవడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది, అదీ ఫిర్యాదులో రాయండి. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. వకీలునై ఉండి ఈ మాట చెబుతున్నానంటే, వివాదంలో ఉన్న మొత్తం చిన్నదైతే మా ఫీజు దాన్ని మించిపోతుంది మరి. అందుకే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేయండి, లేదా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కి పిలిపించండి. ఇలాంటి తగాదాలు అక్కడ ఒక పూటలో తేలడం నేను చూస్తూనే ఉంటాను. అతను బాకీ కోసం మీ మీద సివిల్ దావా వేయాలంటే అతనికి మూడేళ్ల గడువు ఉంటుంది, కాబట్టి ఆలోగా కాగితాలు పారేయకండి.

చివరగా ర్యాంపు. కాలువ, రోడ్డు అంచు స్థానిక సంస్థవి. అనుమతి లేకుండా వాటి మీదికి కట్టినది తొలగించమని నోటీసు వస్తే అది ఇంటి యజమాని పేరునే వస్తుంది, కూల్చిన ఖర్చూ మీ దగ్గరే వసూలు చేస్తారు. అనుమతి తానే తెస్తానని ఫ్యాబ్రికేటర్ రాతలో ఒప్పుకుని ఉంటే తప్ప ఆ ఖర్చు అతని మీదికి నెట్టలేరు. కొలిపించి, కాలువ మీదికి వచ్చినంత మేర నోటీసు రాకముందే మీరే వెనక్కి తీయించండి. ఆ పని కూడా ఇదే ఫ్యాబ్రికేటర్‌కి ఇస్తారేమో, ఈసారి ధర ముందు రాయించుకోండి.