మాటలు గొణుగుతున్నాయా? ముందు సెంటర్ స్పీకర్ కదపండి

మియాపూర్ ఫ్లాటులో 5.1 హోమ్ థియేటర్ (ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్) పెట్టించినా ఫైట్లు దద్దరిల్లుతున్నాయి, మాటలు మాత్రం గొణుగుడే అన్నారు కదండీ. మీరు పంపిన ఫొటోలో సెంటర్ స్పీకర్ (టీవీ దగ్గర మధ్యలో ఉండేది) టీవీ యూనిట్ అరలో లోపలికంటా నెట్టేసి ఉంది. అసలు తంటా అదే. డైలాగులు చాలావరకు వచ్చేది దాన్నుంచే. శబ్దం అర చెక్కలకు తగిలి బొంగురుపోతుంది. అర అంచు దాకా ముందుకు లాగి, ముందువైపు కింద రబ్బరు ముక్క పెట్టి, మూతి మీ చెవుల వైపు ఎత్తండి.

ఆ తర్వాతే రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) సెట్టింగులు ముట్టుకోండి. సెంటర్ సైజు 'స్మాల్', క్రాసోవర్ (ఏ హద్దు కింది బేస్ సబ్‌వూఫర్‌కు వెళ్లాలో చెప్పేది) 80 హెర్ట్జ్, లెవెల్ 2 నుంచి 3 డెసిబెల్స్ పెంపు. మరీ పెంచితే మాట బొమ్మ నుంచి విడిపోయినట్టు ఉంటుంది. రాత్రిళ్లు డైనమిక్ రేంజ్ కంప్రెషన్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించే సెట్టింగు) ఆన్ చేయండి, పేలుళ్లు అణుగుతాయి (పక్క ఫ్లాటు వాళ్లూ దీవిస్తారు). నున్నటి టైల్స్ మీద మందపాటి తివాచీ పరిస్తే ప్రతిధ్వని తగ్గుతుంది.