చెట్ల వెంట పడ్డ మనుమరాలికి

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. దసరా సెలవులకు వచ్చి మన ఊరి చెట్లన్నిటికీ రిజిస్టర్ రాస్తానంటున్నావట. నా పిచ్చి ఇంట్లో ఒకరికైనా అంటుకుందన్న సంతోషంతో సగం రాత్రి నిద్ర పట్టలేదు. మిగతా సగం భయంతో పట్టలేదు.

ఆ భయమే ముందు చెప్తాను. చెట్లు చూసేవాళ్లు తలెత్తుకుని నడుస్తారు. మన దేవరకొండ దిక్కు నేల అట్లా నడవనివ్వదు. పాడుబడ్డ మోటబావుల చుట్టూ ముళ్లకంప పెరిగి అంచు కనిపించదు. నీళ్లు పడని బోర్లకు కొందరు మూత కూడా వేయరు. ఒకసారి నేను పాలపిట్టను చూస్తూ వెనక్కి అడుగేసి బావి అంచు మీద జారాను. చేతికి తంగేడు మండ దొరికింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. చూసేటప్పుడు నిలబడు. నడిచేటప్పుడు నేల చూడు. ఇది నవ్వులాట కాదు.

నోట్‌బుక్కు, పెన్సిలు, నీళ్ల సీసా, కాళ్లకు బూట్లు. ఇవి నీకు తెలిసినవే.

నోట్లో మాత్రం ఏదీ పెట్టకు. మా నాయనమ్మ వానాకాలం బురద నీళ్లు తెచ్చినప్పుడు కుండ లోపల చిల్లగింజ అరగదీసేది. కాసేపటికి మట్టి అడుక్కి దిగి నీళ్లు తేరుకునేవి. ఆ చిల్ల చెట్టుకు దగ్గరి చుట్టమే ముష్టి చెట్టు. దాని గింజ చొక్కా గుండీలా చదునుగా ఉంటుంది, ప్రాణం తీస్తుంది. ఒకటి నీళ్లు తేర్చేది, ఒకటి మనిషిని చంపేది. రుచి చూసి తెలుసుకునే చదువు కాదిది.

తేలికైన వాటితో మొదలుపెట్టు. రావి ఆకుకు తోక ఉంటుంది. మోదుగకు ఎక్కడైనా మూడేసి ఆకులే. మా పెళ్లి భోజనాలు ఆ విస్తళ్లలోనే జరిగాయి. ఫాల్గుణంలో ఆకు రాలి చెట్టంతా పూస్తే, ఆ పూలు ఉడకబెట్టి హోలీ రంగు చేసుకునేవాళ్లం. ఊళ్ల పేర్లు కూడా చదువు. మర్రిగూడ, చింతపల్లి మన జిల్లా మండలాలే కదా, ఆ మర్రి ఏది, ఆ చింత ఏది అని అక్కడి ముసలివాళ్లను అడుగు. పాలమూరు దగ్గరి పిల్లలమర్రికి మీ అమ్మను చిన్నప్పుడు తీసుకెళ్తే, "నాయనా, ఇందులో అసలు చెట్టు ఏది?" అంది. మూడెకరాల దాకా పాకిన మర్రిలో ఊడలే మొదళ్లయ్యాయి, ఏమని చూపించను? 2018లో దానికి చెదలు పడితే సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. ఆ ఫొటో పేపర్లో చూసి మీ అమ్మమ్మ కళ్లు తుడుచుకుంది.

ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లు ఉన్నాయట. వాడుకో. కానీ అంత టక్కున జవాబు చెప్పినవాడు ఒకడు నాకు తెలుసు.

బాటనీతో బీఎస్సీ పాసై ఊరికి వచ్చిన ఏడు. చెరువు కట్టంతా సర్కారు తుమ్మ అలుముకుంది. ఊరంతా కలిసి కొట్టడం మొదలుపెట్టారు. కట్ట చివర ఒక గుబురు దగ్గర, మేకలు కాసే ఒక అవ్వ అడ్డం వచ్చింది. "బిడ్డా, ఇది వేరే. దీని ఆకు మేకలు తింటయ్, దాని ఆకు ముట్టవు" అంది. అందరూ నా వైపు చూశారు. మేకల కోసం ఏళ్ల తరబడి మండలు నరికిన చెట్టు, పొదలా ఉంది. పువ్వు లేదు, కాయ లేదు. సన్న ఆకులు, ముళ్లు. "సర్కారు తుమ్మే, కొట్టండి" అన్నాను. మొద్దు మిగిలితే మళ్లీ చిగురిస్తుందని వేర్లతో సహా తవ్వించాను.

సాయంత్రం కంప కుప్పలో ఒక మండ తీసి చూశాను. సర్కారు తుమ్మకు ఆకు పుట్టే కణుపు దగ్గర ముళ్లు జంటగా వస్తాయి. దీనికి కణుపుల నడుమ, పొట్టిగా, ఎక్కడంటే అక్కడ ఉన్నాయి. జమ్మి! డిగ్రీ చదివిన నాకంటే మేకలకు బాగా తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఆ అవ్వకు కూడా.

మరుసటి ఏడు గాలివానకు గుడి ముందున్న పాత జమ్మి కూలింది. ఊళ్లో రెండోది లేదు. దసరా నాడు మా నాయన పక్కూరికి నడిచిపోయి నాలుగు రెమ్మలు తెచ్చి, నా చేతిలో బంగారం పెట్టి, "పక్కూరి బంగారం రా" అన్నాడు. ఆయనకు ఏమీ తెలియదు. మామూలుగానే అన్నాడు. ఆయన కాళ్లు మొక్కుతుంటే నా చేతులు వణికాయి.

తర్వాత ఎప్పుడో చదివాను, 1730లో రాజస్థాన్ ఖేజడ్లీలో ఇవే జమ్మి చెట్లను కొట్టనివ్వకుండా కౌగిలించుకుని 363 మంది బిష్ణోయిలు ప్రాణాలు ఇచ్చారని. నేను ఒక్క మాటతో కొట్టించాను. ఈ సంగతి మీ అమ్మమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు నీకు.

కాబట్టి తెలియనిదాన్ని తెలియదని రాయి. పేరు పక్కన ప్రశ్న గుర్తు పెట్టు. పోయినసారి నువ్వు కానుగను వేప అంటే నేను పగలబడి నవ్వాను. నవ్వే అర్హత నాకు లేదు తల్లీ. నువ్వు మొహం చిన్నబుచ్చుకోవడం ఇంకా కళ్లముందే ఉంది.

రిటైరయ్యాక ఆ కట్ట మీదే ఒక జమ్మి నాటాను. చుట్టూ సర్కారు తుమ్మ మళ్లీ పెరిగింది. నువ్వు వచ్చాక అందులో ఏది జమ్మో నేను చూపించను, నువ్వే వెతకాలి. మేకలు వచ్చే వేళకు పో.

కట్ట కింద మోటబావి ఉంది, అటునుంచి అడ్డదారిలో పోకు. గుడి మీదుగా చుట్టు తిరిగి పో.

మీ తాత