పద్మనాభం దగ్గర పల్లం పొలం: కౌలు రైతు ఈ ఏడు వరి వేయనంటున్నాడు, ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: ఉద్యోగం విశాఖలో, పద్మనాభం దగ్గర చెరువు కింద రెండెకరాలు ఉన్నాయి, కౌలు రైతు ఈసారి వరి తన వల్ల కాదంటున్నాడు, డబ్బు సాయం చేయాలా, సరుగుడు వేసేయాలా అని. మాదీ దాదాపు ఇదే వ్యవహారం. పొలం ఆనందపురం వైపు, నేనుండేది మద్దిలపాలెంలో.

ముందు ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడండి. "వానల్లేవు బాబూ" అనే మొదలుపెడతారు గానీ అసలు బాధ మదుపు. దుక్కి, ఆకుమడి, దమ్ము, ఉభాల (నాట్ల) కూలి, అన్నీ రెండు మూడు నెలల్లోనే మీద పడతాయి. బ్యాంకుకెళ్తే భూమి పాసుపుస్తకం అడుగుతారు. అది మీ బీరువాలో ఉంటుంది! ఇక మిగిలేది ఎరువుల కొట్టు అప్పే. మా రైతుకు యూరియా, మందులు అరువిచ్చిన షావుకారే కళ్లంలోకి వచ్చి కాటా వేసేవాడు, ధరా ఆయనే చెప్పేవాడు.

అందుకే డబ్బు కంటే ముందు మీ సంతకం కావాలంటాను. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు సీసీఆర్‌సీ కార్డు (పంట సాగుదారు హక్కు పత్రం) ఇస్తారు. దానికి భూమి యజమాని ఒప్పుకోవాలి. సంతకం పెడితే పొలం పోతుందని మా ఇంట్లో పెద్దవాళ్లకు ఒకటే టెన్షన్. అది 11 నెలల పత్రం, హక్కు పంట మీదే, భూమి మీద కాదు. కార్డు చూడగానే బ్యాంకు అప్పు ఇచ్చేస్తుందనుకోకండి, మా కౌలు రైతును బాగానే తిప్పారు. అయినా ఈ-క్రాప్‌లో (ప్రభుత్వం చేసే పంట నమోదులో) పంట ఆయన పేరున ఎక్కింది. అలా ఎక్కితేనే ధాన్యం మద్దతు ధరకు నేరుగా అమ్ముకోగలడు. 2025-26కి సాధారణ రకం క్వింటా 2,369 రూపాయలు. తేమ 17 శాతం దాటకుండా ఆరబెట్టాలి, అంతే.

డబ్బు సంగతికొస్తే, చేతికి నగదు ఇవ్వడం కంటే కౌలు ముందుగా అడక్కుండా నూర్పుల తర్వాత తీసుకోవడం మంచిది. విత్తనం, మొదటి దఫా ఎరువు మీరే కొనివ్వండి.

వాన ఆలస్యమైతే సాంబా మసూరి కోసం పట్టుబట్టకండి (సిటీలో ఉన్న మనకు ఆ బియ్యమే కావాలి మరి). అది 150 రోజుల పంట. 1010 రకమైతే 120 రోజుల్లో చేతికొస్తుంది. కూలీలు దొరకకపోతే డ్రమ్ సీడర్‌తో (వరుసల్లో విత్తనం వేసే పరికరం) మొలక విత్తనం వేయించవచ్చు, ఎకరాకు 12-15 కిలోలు చాలు, ఉభాల ఖర్చే ఉండదు. కానీ మడి చదునుగా ఉండాలి. మా కింది మడిలో నీళ్లు నిలిచిన చోటల్లా మొలక కుళ్లి బోడి మచ్చలు పడ్డాయి. ఒత్తుగా మొలిచిన చోట్ల పీకి అక్కడ నాటించాం. కలుపు కూడా ఎక్కువే వస్తుంది, మొదటి నెలంతా కనిపెట్టుకుని ఉండాలి.

సరుగుడు మెట్టకైతే సరే. చెరువు కింద పల్లంలో నీళ్లు నిలబడితే మొక్క బతకదు, పైగా కొన్నేళ్లపాటు ఆ భూమి మరో పంటకు పనికిరాదు. మీ రెండెకరాలకు మాత్రం నేను వద్దనే అంటాను.