క్రీడా సందేహాలు

ప్రశ్న: 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల 100 మీటర్ల హర్డిల్స్‌లో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి మూడో స్థానంలో గీత దాటింది. మరి రజతం ఎలా వచ్చింది?
– ఓ పాఠకురాలు, గాజువాక

జవాబు: తుపాకీ పేలకముందే చైనా అమ్మాయి వు యన్ని కదిలింది. ఆ కదలికకే జ్యోతి కూడా లేచింది. అధికారులు మొదట ఇద్దరినీ అనర్హులన్నారు. జ్యోతి పట్టు వదల్లేదు. రీప్లే చూశాక ఇద్దరినీ పరిగెత్తనిచ్చి, రేసు ముగిశాక వును తప్పించారు. 12.91 సెకన్లతో జ్యోతికి రజతం దక్కింది. అది దయతో ఇచ్చిన పతకం కానే కాదు. ఒకరి తొందర వల్ల మరొకరు కదిలితే శిక్ష మొదట కదిలినవారికే అని నియమావళిలోనే ఉంది. తుపాకీ మోగాక 0.100 సెకను లోపు కదిలినా తప్పు స్టార్టే. 2010 నుంచి ఈ పరుగుల్లో మొదటి తప్పుకే ఇంటిదారి.

ఈ పరుగులో ఆరంభం అంత కీలకం ఎందుకంటారా? మొదటి హర్డిల్ 13 మీటర్ల దూరంలోనే ఉంటుంది. తర్వాత 8.5 మీటర్లకొకటి, మొత్తం పది, ఎత్తు 83.8 సెంటీమీటర్లు. మధ్యలో మూడే అంగలు. ఆరంభంలో లయ తప్పితే అంగ చాలదు, కాలు హర్డిల్‌కు తగులుతుంది, వేగం పడిపోతుంది. మళ్లీ అందుకునే చోటుండదు.

ప్రశ్న: ఆసియా క్రీడల్లో భారత్ వంద పతకాలు ఎప్పుడు దాటింది?
– ఓ విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: తొలి క్రీడలు 1951లో ఢిల్లీలోనే జరిగినా, వంద దాటింది హాంగ్‌జౌలోనే. క్రీడలు ముగిసిన నాటికి లెక్క ఇదీ: 28 స్వర్ణాలు, 38 రజతాలు, 41 కాంస్యాలు, మొత్తం 107.