తోడేళ్లను చంపితే కారిబూ మిగులుతుందా?

ప్రశ్న: కెనడాలో కారిబూ అనే చలి ప్రాంతపు జింకలను కాపాడడానికి హెలికాప్టర్ల నుంచి తోడేళ్లను కాల్చి చంపుతున్నారని చదివి మనసు కష్టమైంది. ఇది న్యాయమేనా? మా దగ్గరి కోలామార్క అడవి గేదెల కోసం రేపు ఇక్కడ కూడా ఇలాగే చేస్తారా?
– ఒక పాఠకురాలు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: అమ్మా, అహేరి వైపు పశువైద్యుడిగా పనిచేసినవాణ్ని. మీ బాధ నాకూ ఉంది. కానీ తప్పు తోడేలుది కాదు.

అడవుల్లో బతికే కారిబూ రకానికి ముదురు అడవి కావాలి. చలికాలంలో దాని మేత లైకెన్లు. మనం మసాలాలో వేసే రాతిపువ్వు ఆ జాతిదే. అవి మేతకు సరిపడా పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. చెట్లు నరికిన చోట లేత పొదలు లేస్తాయి. వాటిని మేయడానికి మూస్ అనే పెద్ద దుప్పులు, ఇతర జింకలు వస్తాయి, వాటి వెంట తోడేళ్లు పెరుగుతాయి. మూస్ కోసం వచ్చిన తోడేలు నోటికి కారిబూ దూడ కూడా చిక్కుతుంది. తల్లి ఏడాదికి ఒక్క దూడనే ఈనుతుంది, ఇక మంద ఎలా కోలుకుంటుంది?

వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టేవి చమురు అన్వేషణకు అడవిలో కొట్టిన దారులు. కొన్ని మీటర్ల వెడల్పుతో, మైళ్ల కొద్దీ తిన్నగా పోతాయి. దశాబ్దాలు గడిచినా చాలాచోట్ల అక్కడ చెట్లు లేవలేదు. పొదల్లో తడబడవలసిన తోడేలు ఆ బాటన వేగంగా సాగిపోతుంది. ఇప్పుడు కొన్నిచోట్ల మొద్దులు అడ్డం పడేసి, మట్టి దిబ్బలు పోసి, మొక్కలు నాటుతున్నారు. నా దృష్టిలో అసలైన వైద్యం అదే.

ఒక్కో మంద తిరిగే ప్రాంతంలో కనీసం 65 శాతం చెక్కుచెదరకుండా ఉండాలని కెనడా ప్రభుత్వం 2012లో లెక్క కట్టింది. అంత ఉన్నా మంద తనంతట తాను నిలబడే అవకాశం 60 శాతమే. కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో లిటిల్ స్మోకీ మంద తిరిగే ప్రాంతంలో దాదాపు 95 శాతం చెదిరిపోయింది. అక్కడ తోడేళ్లను చంపడం 2005లో మొదలైంది. మంద అంతరించకుండా ఆగింది, నిజమే. కానీ అడవిని బాగుచేయకపోతే ఆ చంపుడు ఏటా సాగవలసిందే. దాన్ని న్యాయమని నేను అనలేను. గడువు కొనుక్కోవడం అంటాను, ఆ గడువులో దారులు మూస్తేనే.

కోలామార్కను 2013లో సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి సమస్య వేరు: ఊరి గేదెలు. సాయంత్రం మంద ఇంటికి మళ్లేటప్పుడు రెండు మూడు పశువులు అడవిలోనే ఉండిపోవడం ఆ పక్క మామూలు. అలా ఉండిపోయినవాటి వల్ల అడవి గేదెల జాతి కలుషితమవుతుంది, గాలికుంటు, గొంతువాపు వంటి జబ్బులు అంటుకుంటాయి. మీ బంధువులు ఆ చుట్టుపక్కల పశువులు మేపుతుంటే, తొలకరికి ముందే టీకాలు వేయించమని చెప్పండి. మేత హద్దు ఎక్కడ ఉండాలో గ్రామసభలో అడగమనండి.